పిల్లతోకూడ తల్లి
పాఠ్యభాగము: మత్తయి 21:1-8, మార్కు 11:1-7

తాడ్వాయి పరిసరములలో ఎడ్లతో సేద్యము చేసిన మన పెద్దలు క్రొత్త కోడెను పనికి అలవాటుపడిన ఎద్దుతోనే జతకట్టిరి. దానిని చూచి కోడె సాలు పట్టును. గుఱ్ఱపుపిల్లను క్రొత్త పాకకు తెచ్చినవారును నెమ్మదియైన పెద్ద గుఱ్ఱమును దాని ప్రక్కన కట్టుదురు. కొరడా భయమును నేర్పును గాని నమ్మికను నేర్పదు.

ప్రభువు ఎక్కిన గాడిదపిల్లపై అంతకుముందు ఎవరును కూర్చుండలేదని మార్కు వ్రాసెను. జనుల కేకల నడుమ, బట్టలు పరచిన దారిలో అది ఎట్లు నడిచెను? అది ప్రభువు చేతిలో నుండెను. మత్తయి మరియొకటి తెలిపెను: శిష్యులు తల్లినికూడ తోలుకొని వచ్చిరి.

మన సంఘమునకు క్రొత్తగా వచ్చిన కుటుంబమును వెనుక వరుసలో ఒంటరిగా విడిచి, నెల తిరుగకమునుపే "వారు నిలువలేదు" అనుచున్నాము. తప్పు ఎవరిది? ఈ ఆదివారము వారి ప్రక్కన కూర్చుండుదము.