నచ్చినదని నోరార చెప్పుట

1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు హైదరాబాదున సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన పిమ్మట, మాదాపురపు రాతిగుట్టల నడుమకు ఉద్యోగములతోపాటు భాషలును వలసవచ్చినవి. తమిళుడు, కన్నడిగుడు, వంగీయుడు ఒకే బల్లకడ భుజించు ఈ చోట, ప్రక్కవాని పని మనసునకు నచ్చినపుడు మనము చేయునదేమి? ఫోనులో బొటనవ్రేలి బొమ్మ నొకదానిని పంపి ఊరకుందుము. మాటకు ఇంత లోభమేల?

నేనును ఆ లోభులలో నొకడనై యుంటిని. ఆరేండ్లు నా ప్రక్కన పనిచేసి, అర్ధరాత్రి సర్వరు పడిపోయినపుడెల్ల నన్ను నిద్రలేపక తానే సరిచేసిన తమిళ మిత్రునకు, ఆ యోర్పు నాకెంత నచ్చినదో ఒక్కనాడును చెప్పనైతిని. అతడు చెన్నపట్టణమునకు వెడలిపోవునాడు రాయదుర్గము మెట్రో మెట్లకడ నిలిచి, "ఫోన్ చేస్తూ ఉండు" అంటిని, అంతే.

నేను చెప్పని ఆ మాటకు మన భాషల పొందిక చూడుడు. "నాకు నచ్చినది", "ఎనక్కు పిడిచ్చిరుక్కు", "ననగె ఇష్ట", "ముఝే పసంద్ హై": ఎందును "నేను" ముందుకు రాడు, "నాకు" అని ఒదిగి నిలుచును. ప్రీతి పొందువాడు సంప్రదానమగునని పాణిని సంస్కృతమునకు ఏనాడో సూత్రించెను. తమిళపు "పిడి" మన పిడికిలిలోని పిడియే; నచ్చినది మనలను పట్టుకొనునన్నమాట!

కావున నేను విడువక పాటించు నియమ మొక్కటి: ప్రతి సాయంకాలము ఆఫీసు విడుచుటకు ముందు ఒక్కరికి, వారి యింటి భాషలో, నచ్చిన పనిని పేరుపెట్టి చెప్పుట. "గుడ్ జాబ్" చాలదు. "క్రొత్తగా చేరిన పిల్లకు మూడుమారులు విసుగులేక వివరించితివే, అది నాకు నచ్చినది" అనవలెను. మనిషి ఇష్టమనుట వేరు, మనిషి చేసిన పని నచ్చినదనుట వేరు. కొలువులో రెండవదియే మర్యాద. ఉచ్చారణ తప్పునని జంకకుడు. నా కన్నడమును సరిదిద్దిన సహోద్యోగిని ముఖమున ఆనాడు విరిసిన సంతోషము నేనెరుగుదును. కృతజ్ఞతాలేఖ వ్రాయువారు గ్రహీత ఆనందమును తక్కువగా ఊహింతురని 2018లో అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞు లిద్దరు చూపిరి. పేరు సరిగా పలుకుడు, కన్నులలోనికి చూచి మాటాడుడు, పదిమందిలో పొగడి ఇబ్బందిపెట్టకుడు, ఇవియు మంచివే.

మొన్న చెన్నపట్టణమునకు ఫోను చేసి, ఆ అర్ధరాత్రుల మాట తమిళముననే చెప్పితిని. అతడు చాలసేపు పలుకలేదు. పిదప, ఇక్కడ నేర్చిన తెలుగులో, "ఏదీ, ఇంకోసారి చెప్పరా" అనెను.