సమఉజ్జీ

చదరంగంలో గెలుపు, ఓటములే కాక మూడవ ఫలితం కూడా ఉన్నది. అదే 'డ్రా'. ఎవరూ గెలవని ఆటలో చెప్పుకోదగినది ఏముంటుందని అనిపించవచ్చు. కాని కొన్ని డ్రాలు విజయాల కంటె ఎక్కువకాలం జ్ఞాపకముంటాయి. 2004 మార్చిలో ఐస్‌లాండ్ రాజధాని రెయిక్యవిక్‌లో జరిగిన ఆట అటువంటిది.

అది తక్కువ వ్యవధిలో ముగించవలసిన త్వరిత చదరంగ పోటీ. నల్లపావులతో ఆడినవారు గ్యారీ కాస్పరోవ్. ఆయన 1985 నుండి 2000 వరకు ప్రపంచ విజేత. ఆ పోటీనాటికి కూడా ప్రపంచ క్రమంలో ప్రథముడు. ఎదుట కూర్చున్నది నార్వేకు చెందిన 13 ఏళ్ల బాలుడు మాగ్నస్ కార్ల్‌సన్. అప్పటికి అతడు గ్రాండ్‌మాస్టర్ కూడా కాలేదు.

ఐదవ ఎత్తులో కార్ల్‌సన్ తన శకటును నల్లగుర్రంపై గురిపెట్టాడు. ఆ గుర్రం కదిలితే దాని వెనుకనున్న మంత్రికి ముప్పు. కాస్పరోవ్ ఆరవ ఎత్తులో మంత్రిని బల్ల అంచుకు జరిపారు. దానితో తన గుర్రానికి విడుదల లభించింది. పైగా తెల్లగుర్రం తన రాజుకు అడ్డుగా కదలలేక నిలిచిపోయింది. ఈ వ్యూహాన్ని 'కేంబ్రిడ్జ్ స్ప్రింగ్స్ రక్షణ' అంటారు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆ పేరుగల పట్టణమున్నది. 1904లో అక్కడ జరిగిన పోటీలో ఈ వ్యూహాన్ని పలుమార్లు ప్రయోగించినందున ఆ పేరు వచ్చింది. నూరేళ్లనాటి ఆ వ్యూహానికి బాలుడు తొణకలేదు. రెండవ గుర్రాన్ని నడుమ నిలిపి ఆ కట్టు విప్పుకున్నాడు.

27వ ఎత్తులో కార్ల్‌సన్‌కు ఒక బంటు ఆధిక్యం లభించింది. తరువాత మంత్రులు పరస్పరం మారిపోయాయి. కాని మిగిలిన శకటులలో తెల్లవారిది నల్లగళ్లపై, నల్లవారిది తెల్లగళ్లపై నడిచేది. అవి ఎన్నడూ ఎదురుపడవు. ఒకటి కాచే గడిని రెండవది ఆక్రమించలేదు. అందువలన అటువంటి స్థితిలో ఒక బంటు ఎక్కువైనా గెలుపు దుర్లభం. కాస్పరోవ్ ఓర్పుతో కాచుకున్నారు. 52వ ఎత్తుతో ఆట డ్రాగా ముగిసింది.

తరువాతి ఆటలో కాస్పరోవ్ గెలిచారు. బాలుడు పోటీనుండి నిష్క్రమించాడు. అయినా ఆ డ్రా వ్యర్థం కాలేదు. 2009లో కాస్పరోవే అతనికి శిక్షణ ఇచ్చారు. 2013లో చెన్నైలో విశ్వనాథన్ ఆనంద్‌ను ఓడించి కార్ల్‌సన్ ప్రపంచ విజేత అయ్యాడు. ఫలితాల పట్టికలో డ్రాకు దక్కేది అర పాయింటే. ఆ అర పాయింటు వెనుక ఒకరి సాహసమూ, మరొకరి సహనమూ ఉన్నవని గ్రహించినవారికే ఆట విలువ తెలుస్తుంది.