గురుశిష్యుల నడుమ దేహమర్యాద

మన కోనసీమలో చేనికిని చేనికిని నడుమ గట్టుండును. ఇరుగుపొరుగు రైతులు పొరపొచ్చములు లేక మెలగుటకు అది సాధనము. గురువునకును శిష్యునకును నడుమ నుండవలసిన దేహమర్యాదయు నట్టిదే.

పిల్లల దేహము పిల్లలదే. ఉపాధ్యాయుడు దానిని తాకవలసిన పనులు మిక్కిలి కొద్ది. మోకాలు చీరుకొనినచో గాయము కడిగి కట్టు కట్టవచ్చును; వ్యాయామమున చేతుల భంగిమ దిద్దవచ్చును. ఆపదలో తప్ప, ముందుగా చెప్పి, పిల్లలు సమ్మతించిన పిదప, నలుగురెదుట, పనికి కావలసినంత మాత్రమే చేయవలెను. ఏడ్చుచు వచ్చిన అయిదేండ్ల శిశువు తల నిమురుట వేరు; ఎదిగిన బాలిక భుజముపై చేయి వేసి మాటలాడుట వేరు. తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లను ఒంటరిగా నుంచుకొనుట, రహస్యముగా కానుకలిచ్చుట, రాత్రివేళ ఫోనులో సందేశములు పంపుట గురువునకు తగదు. "ఇది ఎవరితోను చెప్పకు" మను మాట వినబడినచో అచ్చట కీడు పొంచియున్నదని యెరుగుడు.

బెత్తము నెత్తుటయు హద్దు దాటుటయే. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము, 17వ సెక్షనులో, శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించినది. 2012వ సంవత్సరపు పోక్సో చట్టము 18 ఏండ్లలోపు బాలురకును బాలికలకును సమముగా రక్షణ యిచ్చును. విద్యాలయపు సిబ్బందియే నేరము చేసినచో శిక్ష మరింత కఠినము. దుస్తుల మీదుగా తాకినను, కామోద్దేశ మున్నచో నేరమే యగునని 2021 నవంబరు 18వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. నేరము తెలిసియు పోలీసులకు తెలుపనివారును శిక్షార్హులే. తన క్రింది ఉద్యోగి చేసిన నేరమును బడి పరువు కొరకు దాచిన అధికారికి ఒక సంవత్సరము వరకు కారాగారవాసము విధింపవచ్చును.

తల్లిదండ్రులారా! "చెప్పినచో బడి మాన్పింతురేమో" యను భయము బాలికల నోరు కట్టివేయును. బిడ్డ చెప్పినప్పుడు ఓపికతో వినుడు, నమ్ముడు. "నీవేల అక్కడికి పోతివి?" అని నిలదీయకుడు. చదువు ఆగదని ముందే మాట యియ్యుడు. చదువు మాన్పించినచో దండన నేరస్థునికి గాక బిడ్డకు తగులును.

బాలబాలికలారా! మనసునకు జంకు గొల్పిన స్పర్శ ఎవరిదైనను, "వద్దండీ" అనుటకు మీకు హక్కు గలదు. అది గురుధిక్కారము గాదు. ఆ క్షణమున నోరు పెగలకపోయినను, చెప్పుటకు నెలలు పట్టినను, తప్పు మీది కాదు. అమ్మతోనో, నాన్నతోనో, మీరు నమ్మిన టీచరుగారితోనో చెప్పుడు. ఎవరును వినకున్నచో 1098 నంబరునకు ఫోను చేయుడు. దానికి రుసుము లేదు.

మంచి గురువునకు ఈ నియమములు భారము గావు. శిష్యులు నిర్భయముగా దరిజేరి సందేహ మడుగుటకు ఇవియే త్రోవ.