మడత రంపం: ఎట్టా ఎంచుకోవాలి, ఎట్టా వాడాలి



పోయిన నెల గాలివానకి మన బాత్రూముల వెనక ఉన్న సర్కారు తుమ్మ కొమ్మ విరిగి దారికి అడ్డంగా పడింది. మీ అందరికీ గుర్తుండే ఉంటది. వాచ్‌మన్ తాత గొడ్డలి కోసం ఊళ్లోకి పోయాడు. ఆయన తిరిగి వచ్చేలోపే సైన్సు సారు తన సంచిలోంచి జానెడు పొడవున్న వస్తువు ఒకటి తీశారు. దాన్ని విప్పి, పావుగంటలో ఆ కొమ్మని ముక్కలు చేశారు. అయిదో తరగతి పిల్లలు "మంగలి కత్తి లాగుంది" అన్నారు. దాని పేరు మడత రంపం.

దాని గురించి గోడ పత్రికకి పాఠం రాయమని సారు నాకు చెప్పారు. నాకే ఎందుకంటే మా అమ్మానాయన తుమ్మ కంప కొట్టే పనికి పోతారు. మేము యానాదులం. ఆరో తరగతిలో చేరినప్పుడు "మీ వాళ్లు ఏం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే "వ్యవసాయం" అని చెప్పేదాన్ని. ఇప్పుడు నిజం రాస్తున్నాను. ఆ పని గురించి చెప్పకుండా ఈ పాఠం రాయలేను.

మా ఇంట్లో జరిగింది

మిరపకోతల రోజుల్లో మా వాళ్లు కోతలకి పోతారు. కోతలు అయిపోయాక చెరువు గట్లమీద, బీళ్లలో తుమ్మ కొడతారు. ఆ కట్టె బొగ్గు బట్టీకి పోద్ది. నేను ఆరు చదివేటప్పుడు ఒకరోజు నాయన ఎండిన మొద్దుని కొడుతుంటే గొడ్డలి జారి కాలి మీద పడింది. పదకొండు కుట్లు పడ్డాయి. నెలన్నర మంచంలోనే ఉన్నాడు. అప్పటికే తీసుకున్న అడ్వాన్సు తీరకపోగా ఇంకా పెరిగింది. అమ్మకి తోడుగా నేను రెండు నెలలు బడి మానేశాను. మేడమ్ గారు మా గుడిసెకి వచ్చి నన్ను మళ్లీ తీసుకొచ్చారు కాబట్టి ఇవాళ మీకు ఈ పాఠం రాస్తున్నాను.

గొడ్డలి చెడ్డదని నేను అనను. మాకు అన్నం పెట్టింది అదే. కాని ప్రతి కొమ్మకీ గొడ్డలి అక్కర్లేదు. ఏ పనికి ఏ పనిముట్టో తెలిస్తే కాళ్లు చేతులు బాగుంటాయి. ఈ పాఠంలో అసలు సంగతి అదే.

ముందు ఆ చెట్టు గురించి

సర్కారు తుమ్మ మన దేశపు చెట్టు కాదు. శాస్త్రంలో దాన్ని ప్రోసోపిస్ జూలీఫ్లోరా అంటారు. అమెరికా ఖండాల్లోని వేడి దేశాలు దాని పుట్టిల్లు. 1870ల్లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. వంటచెరకుకి పనికొస్తదని తెచ్చారు. మేకలు, పశువులు కాయలు తిని పేడలో గింజలు వదులుతాయి. అట్టా గుంటూరు, ప్రకాశం వైపు గట్లన్నీ అదే అయింది. పైన కొడితే మొదట్లోంచి మళ్లీ చిగురు వేస్తది. పూర్తిగా పోవాలంటే వేరుతో తవ్వాల. దాని కర్ర చాలా గట్టిది. ఎండితే ఇంకా గట్టిది. అందుకే గొడ్డలి దెబ్బ దిగకుండా జారుద్ది.

రంపం ఎట్టా కోస్తది?

మడత రంపంలో మూడు భాగాలు ఉంటాయి. అవి పిడి, పళ్లున్న రేకు, రేకుని నిలిపి ఉంచే లాకు. పని లేనప్పుడు రేకు పిడిలోకి మడుచుకుంటది. పళ్లు బయటికి కనపడవు. ఆటోలో, బస్సులో, చంకన బిడ్డ ఉన్నప్పుడు కూడా భయం లేకుండా తీసుకుపోవచ్చు.

దగ్గరగా చూస్తే పళ్లు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి కొంచెం వంగి ఉంటాయి. అందువల్ల కోత, రేకు మందం కన్నా వెడల్పుగా పడుద్ది. అట్టా లేకపోతే రేకు కర్రలో ఇరుక్కుపోద్ది. కొన్ని రంపాల్లో పళ్లు వంచకుండా, రేకు వీపు వైపు పలచగా అరగదీస్తారు. పని ఒకటే.

ఇంకో సంగతి. చాలా మడత రంపాలు మన వైపు లాగినప్పుడే కోస్తాయి. తోసినప్పుడు కోయవు. దీనికి కారణం తెలియాలంటే ఒక కాయితం ముక్క తీసుకోండి. రెండు చివర్లు పట్టుకుని లాగితే నిటారుగా ఉంటది. లోపలికి తోస్తే వంగిపోద్ది. రేకు కూడా అంతే. లాగేటప్పుడు బిగుతుగా ఉంటది కాబట్టి పలచటి రేకు పెట్టినా వంగదు. పలచటి రేకు అయితే తక్కువ కర్ర కోస్తే సరిపోద్ది, తక్కువ బలం చాలు. అందుకే ఆడపిల్లలం కూడా తేలికగా వాడొచ్చు. జపాను వడ్రంగుల రంపాలు కూడా ఇట్టా లాగుడు రంపాలే.

కొనేటప్పుడు చూడాల్సినవి

1. పొడవు: కొమ్మ మందానికి రేకు రెండింతలన్నా ఉండాలి. 7 అంగుళాల రేకుతో 3 అంగుళాల కొమ్మ బాగా కోయొచ్చు. అంతకన్నా లావైతే వేరే పనిముట్టు చూసుకోవాల.

2. పళ్లు: పచ్చి కర్రకి పెద్ద పళ్లు కావాలి. అంగుళానికి 6 నుంచి 8 ఉంటే మంచిది. ఎండు కర్రకి, వెదురుకి సన్న పళ్లు నయం. రెండు రకాల పనీ ఉంటే మధ్యరకం తీసుకోండి.

3. లాకు: ఇదే అన్నిటికన్నా ముఖ్యం. కొట్లోనే విప్పి, లాకు పడిన చప్పుడు విని, రేకు వీపు పట్టుకుని మెల్లగా మడిచి చూడండి. మడత పడితే వద్దని చెప్పండి. మడిచినప్పుడు కూడా లాకు పడాల. లేకపోతే సంచిలో తెరుచుకుంటది.

4. ఊగులాట: రేకుని పక్కకి కదిపితే లొడలొడ అనకూడదు. మరమేకు బిగించుకునే వీలుండాలి.

5. పిడి: చెమట పట్టినా జారకూడదు. మీ నాలుగు వేళ్లూ పిడి మీద పట్టాలి. ఎర్ర రంగో పసుపు రంగో అయితే కంపలో పడినా కనపడుద్ది.

6. రేకు మార్చే వీలు: పళ్ల కొనలు నీలంగా కనపడితే వాటిని వేడి చేసి గట్టిపరిచారని అర్థం. అవి చాలా కాలం వాడిగా ఉంటాయి గాని ఆకురాయితో పదును పెట్టడం కుదరదు. మొండిదేలితే రేకు మార్చాల్సిందే. కాబట్టి వేరే రేకు దొరుకుద్దా అని ముందే అడగండి.

7. వంపు: పైనున్న కొమ్మకి వంపు రేకు బాగా పట్టుకుంటది. కింద పెట్టి కోసే కర్రకి తిన్నటి రేకు సుఖం.

వాడే పద్ధతి

ముందు పొడుగు కర్రతో కంపని కదిలించి కింద పాముందేమో చూడాల. పంగలకర్రతో ముళ్ల రెమ్మల్ని పక్కకి నెట్టి, కొడవలితో సన్న రెమ్మలు తీసెయ్యాల. చోటు శుభ్రమయ్యాకే రంపం విప్పాల.

కొమ్మని ఎడమ చేత్తో పట్టుకుంటే ఆ చెయ్యి కోతకి జానెడన్నా దూరంగా ఉండాలి. మొదటి రెండు మూడు సార్లు మెల్లగా లాగి గాడి పడనివ్వండి. గాడి పడకముందు రంపం ఎగిరి వేలి మీదికి వస్తది. తర్వాత రేకు పొడవంతా వాడుతూ నిదానంగా లాగండి. లాగేటప్పుడే కొంచెం ఒత్తు పెట్టాల. వెనక్కి పోనిచ్చేటప్పుడు అసలు ఒత్తొద్దు. ఒత్తితే రేకు వంగి విరుగుద్ది. మొదటిరోజు అందరం చేసే తప్పు ఇదే. నేనూ చేశాను.

పెద్ద కొమ్మకి మూడు కోతలు

మీ రబ్బరు తీసి ఒక కొన గట్టిగా పట్టుకుని రెండో కొనని కిందికి వంచండి. పైభాగం సాగుద్ది, కిందిభాగం నొక్కుకుపోద్ది. చెట్టుకున్న కొమ్మ కూడా బరువుకి అట్టాగే ఉంటది. పైనుంచి ఒకేసారి కోస్తే చివర్లో కొమ్మ ఫెళ్లున విరిగి మాను బెరడు కూడా చీల్చుకుని పడుద్ది. అందుకని ఇట్టా చెయ్యాల.

మొదటి కోత: మానుకి జానెడు దూరంలో, కింది నుంచి పైకి, మందంలో మూడో వంతు.

రెండో కోత: దానికి రెండు మూడు అంగుళాలు అవతల, పైనుంచి కిందికి. కొమ్మ పడిపోద్ది. బెరడు చీలదు.

మూడో కోత: మిగిలిన మోడుని మాను దగ్గర తియ్యాల. కొమ్మ పుట్టేచోట ఉబ్బుగా ఉండే వలయం కనపడుద్ది. దాన్ని కోయకూడదు. దాని బయటే కోయాలి. చెట్టు తన గాయాన్ని మూసుకునేది ఆ వలయం నుంచే. మన బడి వేపచెట్టుకి పోయినేడు కోసిన చోట చూడండి. వలయం ఉంచిన చోట గాయం చుట్టూ కొత్త బెరడు వచ్చింది. నున్నగా కోసేసిన చోట పుచ్చు పట్టింది.

కింద పడిన కర్రని రెండు రాళ్ల మీద పెట్టి మధ్యలో కోస్తే ఏమవుద్ది? ఈసారి పైభాగం నొక్కుకుపోయి రంపాన్ని పట్టేస్తది. అందుకని కోసే ముక్క రాయికి బయట వేలాడేటట్టు పెట్టుకోవాల.

చేయకూడనివి

చెట్టెక్కి రంపం పట్టొద్దు. తలకి సరిగ్గా పైనున్న కొమ్మ కోయొద్దు. పొట్టు కళ్లలో పడుద్ది, కొమ్మ నెత్తిన పడుద్ది. కరెంటు తీగ దగ్గర అసలు వద్దు. తడిచేత్తో లాకు తియ్యొద్దు. మన బడిలో అయితే సారో మేడమో పక్కన లేకుండా రంపం ముట్టుకోవద్దు. ముల్లు లోతుగా దిగితే దాచుకోకుండా వార్డెన్ మేడమ్ గారికి చెప్పి టీటీ సూది వేయించుకోవాల. ముల్లు కొన లోపలే విరిగితే చీము పడుద్ది.

రంపం చేతిలో ఉందని ఏ చెట్టు పడితే ఆ చెట్టు కొట్టొద్దు. మన రాష్ట్రంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. దాన్నే వాల్టా అంటారు. దాని ప్రకారం చెట్లు కొట్టాలంటే అనుమతి అడగాల.

ఎట్టా దాచుకోవాలి

పని అయ్యాక పళ్లలో పొట్టు పాత బ్రష్షుతో దులపాల. పచ్చి జిగురు అంటితే కొంచెం కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడవాల. ఆరాక మడత దగ్గర ఒక చుక్క మిషను నూనె వేసి మడిచి పెట్టుకోవాల. తడితో మడిస్తే తెల్లారేసరికి తుప్పు.

అమ్మ దిద్దిన తప్పులు

దసరా సెలవులకి సారు ఆ రంపం మా ఇంటికి ఇచ్చి పంపారు. నాయన చూసి "ఇది ఆడుకునే బొమ్మ" అని నవ్వాడు. అమ్మ మాత్రం మూడు రోజులు వాడింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "మణికట్టు లావు కొమ్మకి ఇదే బాగుంది. భుజం నెప్పి లేదు. తొడ లావు మొద్దుకి మాత్రం గొడ్డలే." మాకు కూలి టన్ను లెక్కన వస్తది. నిదానంగా కోస్తే డబ్బులు తగ్గుతాయి. అందుకని అమ్మ లావు కట్టె గొడ్డలితో, సన్న కట్టె రంపంతో చేసింది. నాలుగో రోజు పొద్దున రంపం కనపడలేదు. నాయన పట్టుకుపోయాడు.

ఈ పాఠం అమ్మకి చదివి వినిపించాను. ఆమెకి చదువు రాదు. అయినా రెండు తప్పులు పట్టింది. పాము సంగతి నేను రాయలేదు. ఆమె చెప్పాక పైన చేర్చాను. రెండోది, "చెప్పులేసుకుని పోవాలి" అని ఊరికే రాశాను. "హవాయి చెప్పులోంచి కూడా తుమ్మముల్లు దిగుద్ది. కంపలో కాలెత్తి వెయ్యగూడదు, నేల మీద ఈడ్చి వెయ్యాల అని రాయి" అంది. రాశాను. ఇంటికి పోయినప్పుడు మీరు కూడా మీ అమ్మానాయనలకి ఇది చదివి వినిపించండి. వాళ్లు దిద్దినవి నాకు చెప్తే వచ్చే పత్రికలో రాస్తాను.

ప్రశ్నలు

1. రంపం పళ్లు ఎడమకి, కుడికి ఎందుకు వంచుతారు?
2. లాగుడు రంపాన్ని వెనక్కి పోనిచ్చేటప్పుడు ఒత్తితే ఏమవుద్ది?
3. మూడు కోతల్లో మొదటిది కింది నుంచి ఎందుకు?
4. మీ ఇంట్లో ఏ పనిముట్టు వల్ల ఎవరికి దెబ్బ తగిలింది? ఆ పని ఇంకో విధంగా చేయొచ్చా? రాసి తెండి.

ఇట్లు,
మీ అక్క, 9వ తరగతి