ఒకే ఫోను – రెండు నంబర్లు

చదువుకోసం నగరానికి వచ్చిన విద్యార్థికి ఊరివారెరిగిన పాత నంబరు ఒకటి, నగరంలో తీసుకొన్న కొత్త నంబరు మరొకటి ఉండడం నేడు సాధారణమే. రెండు సిమ్ కార్డులు పట్టే ఫోను ఉంటే రెండింటినీ ఒకేచోట నిర్వహించుకోవచ్చు.

అయితే అది రెండు ఫోన్లతో సమానం కాదు. ఇటువంటి ఫోన్లలో చాలావరకు రెండు సిమ్‌లూ ఒకే రేడియో వ్యవస్థను పంచుకొంటాయి. అందువలన ఒక నంబరుపై సంభాషణ సాగుతున్నంతసేపు రెండవది అందుబాటులో ఉండదు. అప్పుడు వచ్చే కాల్ మొదటి నంబరుకు మళ్లేటట్లు ‘కాల్ ఫార్వర్డింగ్’ ఏర్పాటు చేసుకోవాలి.

తక్కువగా వాడే నంబరుపట్ల ఉదాసీనత తగదు. మన దేశంలో 90 రోజులపాటు వాడక, నిల్వసొమ్ము కూడా లేని ప్రీపెయిడ్ నంబరును సేవాసంస్థ రద్దు చేయవచ్చు. కొంతకాలానికి అది వేరొకరికి దక్కుతుంది. బ్యాంకు ఖాతాకు ఆ నంబరే అనుసంధానమై ఉంటే, ఖాతాదారునికి రావలసిన ఓ.టి.పి. అపరిచితునికి చేరే ప్రమాదం ఉంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేవారు కొత్త చిరునామాను అందరికీ తెలిపినట్లే, నంబరును వదులుకొనేవారు ముందుగా బ్యాంకులోనూ, ఆధార్‌లోనూ దానిని మార్పించుకోవాలి. రెండవ నంబరు సౌకర్యమే కాదు, బాధ్యత కూడా.