ఒక అయాను, ఒక ఎలక్ట్రాను: ఒక కొలత చరిత్ర

మూడు ప్రోటానులు, రెండు ఎలక్ట్రానులు కలిసి ఏర్పడిన అతి సరళమైన అయానును ట్రైహైడ్రోజన్ అయాను అంటాము. 1911లో జె. జె. థామ్సన్ దీనిని విద్యుదుత్సర్గ నాళంలో గుర్తించాడు. నక్షత్రాల నడుమనున్న మేఘాలలో విశ్వకిరణాలు హైడ్రోజన్ అణువును అయానుగా మార్చగా, అది మరొక హైడ్రోజన్ అణువును తాకి ఈ రూపం పొందుతుంది. అక్కడ నీరు మొదలైన అనేక అణువుల పుట్టుకకు ఇది తొలిమెట్టు. అయితే ఒక ఎలక్ట్రాను వచ్చి చేరినచో ఆవేశం రద్దయి, వెలువడిన శక్తితో ఈ అయాను ముక్కలవుతుంది. ఈ చర్యకు వియోజక పునస్సంయోగమని పేరు. దీని రేటు తెలియనిదే మేఘంలో ఈ అయాను ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేము.

ప్రశ్న చిన్నదే, సమాధానం మాత్రం సులభంగా దొరకలేదు. 1973లో ల్యూ, బియోండీ, జాన్సన్ అనువారు విద్యుత్తును ఆపిన తరువాత వాయువులో ఎలక్ట్రానులు తరిగిపోయే తీరును పరిశీలించి, సాధారణ ఉష్ణోగ్రత వద్ద రేటు గుణకం సెకనుకు ఒక ఘనసెంటీమీటరులో 2.3 కోటవ వంతులని తేల్చారు. 1980లలో స్మిత్, ఆడమ్స్ అనువారు ఇంచుమించు ఇటువంటి పద్ధతినే అనుసరించి, అది అందులో పదివేలవ వంతుకైనా మించదన్నారు. 1988లో అమానో పరారుణ కిరణాల శోషణతో కొలువగా మళ్ళీ పెద్ద విలువే వచ్చింది. ఎవరిని నమ్మవలెను?

ఈ చిక్కును విడదీయుటకు తోడ్పడినది జంటపుంజాల పద్ధతి. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్ల తాకిడి తీవ్రంగా ఉంటుంది. పక్కపక్కనే సమవేగంతో పోయే బండ్ల మధ్య సాపేక్ష వేగం శూన్యం. అట్లే అయానుల పుంజాన్నీ, ఎలక్ట్రానుల పుంజాన్నీ ఒకే దిశలో నడిపించినచో మెల్లని తాకిడిని సాధించవచ్చును. ఈ అయాను ఎలక్ట్రానుకన్నా సుమారు 5,510 రెట్లు బరువైనది. కనుక 55.1 లక్షల ఎలక్ట్రాను వోల్టుల శక్తిగల అయానుకు, 1,000 వోల్టులతో త్వరణం పొందిన ఎలక్ట్రాను సమవేగంతో తోడు నడుస్తుంది. ఆ వోల్టేజిని 1,010కి పెంచినప్పటికీ తాకిడిశక్తి 0.025 ఎలక్ట్రాను వోల్టు మాత్రమే. గదిలోని వాయుకణాల ఉష్ణశక్తి ఇంచుమించు ఇంతే! స్థూలమైన మీటతో సూక్ష్మమైన శక్తిని దిద్దుకొనుటయే ఈ పద్ధతిలోని సొగసు.

ముక్కలైన పరమాణువులకు ఆవేశం లేదు. కావున అయస్కాంతం అయానులను వంపు తిప్పుచుండగా అవి తిన్నగా పోయి శోధకాన్ని తాకుతాయి. సెకనుకు జరిగిన చర్యల సంఖ్యను, రెండు పుంజాలు కలిసి నడిచే భాగంలోని అయానుల సంఖ్యతోనూ, ఎలక్ట్రానుల సాంద్రతతోనూ భాగించగా రేటు గుణకం లభిస్తుంది. మిగిలిన వాయువును తాకుటవలన పుట్టిన కణాలను మాత్రం వేరుగా లెక్కించి తీసివేయవలెను.

స్టాక్‌హోంలో సుమారు 52 మీటర్ల చుట్టుకొలతగల క్రైరింగ్ అను నిల్వవలయంలో ఈ విధంగా చేసిన కొలత 1994లో వెలువడినది: 1.15 కోటవ వంతులు. చర్య వేగవంతమైనదే! అయినను అనుమానం పూర్తిగా తీరలేదు. వలయంలో కొన్ని సెకనులు తిరుగునప్పటికి అయాను కంపనాలు చల్లారుతాయి గాని, భ్రమణం అంత తేలికగా చల్లారదు. అందుచేత 2003లో మెకాల్ మొదలగువారు వాయువును సన్నని రంధ్రంగుండా వ్యాకోచింపజేసి, ముందుగానే చల్లబరచిన అయానులను వలయంలోనికి పంపారు. 23 కెల్విన్ల వద్ద 2.6 కోటవ వంతుల విలువ వచ్చింది. అణువు ఆకృతి చెదరుటను గణనలో చేర్చుకొనిన కొకొవులిన్, గ్రీన్‌ల సిద్ధాంతం కూడా దీనితో పొసగినది. ఈ విలువనుపయోగించి, పర్షియస్ రాశిలోని జీటా నక్షత్రం దిశగా ఉన్న మేఘంలో విశ్వకిరణాలవలన జరిగే అయనీకరణం అంతవరకు అనుకొన్నదానికి 40 రెట్లుండవలెనని వారు అంచనా వేశారు.

ప్రయోగశాలలో మనం ఒక అంకెను రాసుకొని తృప్తిపడుతుంటాము. ఆ అంకె ఏ స్థితిలోనున్న వస్తువుదో కూడా రాసినప్పుడే అది కొలత అవుతుందని ఈ చిన్న అయాను మనకు నేర్పుచున్నది.