అంబాసిడర్ ఇంజను: విప్పుట, కూర్చుట

నాలుగు స్ట్రోకుల ఇంజను బొమ్మను నల్లబల్లపై గీసి వివరించడం అధ్యాపకునికి కష్టమైన పని కాదు. అయితే ఆ బొమ్మలోని పిస్టనుకు అరుగుదల లేదు, బేరింగుకు మురికి లేదు, నట్టుకు తుప్పు లేదు. ఈ లోపాన్ని కొంత పూరించే తలంపుతో గత వేసవి సెలవులలో మేమొక పాత అంబాసిడర్ ఇంజనును ఇంటి వసారాలో పూర్తిగా విప్పి తిరిగి కూర్చాము. మేము అనగా భౌతికశాస్త్రం బోధించే ఇద్దరు అధ్యాపకులు, నలుగురు విద్యార్థులు, తోడుగా పని మానుకొని విశ్రాంతిగా ఉన్న వృద్ధ మెకానిక్ ఒకరు. ఆయనను అందరమూ ఉస్తాద్ అనే పిలిచేవారము. కారు మాలో ఒకరి తండ్రిగారిది. ఆయన గతించిన పిదప దానిని పాత ఇనుము కింద అమ్మివేయవలెనని ఇంటిలో మాట వచ్చింది. సెలవులు ముగిసేలోగా నడిస్తే ఉంచుకొనుట, లేనిచో తూకానికి ఇచ్చివేయుట అని పెద్దలతో ఒప్పందం కుదిరింది.

ఈ కారు 1974 నాటి మార్క్ 2. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాపై హిందూస్థాన్ మోటార్స్ వారు అంబాసిడరును తయారు చేశారు. బెంగాలులోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014లో దీని ఉత్పత్తి ఆగిపోయింది. మా కారులోని ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి శ్రేణికి చెందినది. సిలిండర్లు నాలుగు, ఘనపరిమాణం 1489 ఘన సెంటీమీటర్లు. ఎం.జి.ఎ. అనే పేరుగల స్పోర్ట్స్ కారులో 1955లో అమర్చినది కూడా ఈ కుటుంబపు ఇంజనే అంటే మా విద్యార్థులు చాలాసేపు నమ్మలేదు. ఇందులోని నట్లు, బోల్టులు అంగుళాల కొలతవి. మిల్లీమీటరు పానాలు దాదాపు పట్టినట్లే ఉంటాయి, కాని బలంగా తిప్పిన క్షణంలో నట్టు మూలలు గుండ్రమైపోతాయి. కనుక ముందుగా సరియైన పానాల పెట్టె ఒకటి అరువు తెచ్చుకున్నాము.

విప్పక పూర్వమే రోగనిర్ణయం జరగవలెను. ఎక్కు మీద కారు నీలిపొగ విడుస్తున్నది, నూనె తాగుతున్నది. నాలుగు ప్లగ్గులు తీసి, ఒక్కొక్క రంధ్రానికి సంపీడన మాపకాన్ని తగిలించి స్టార్టరు తిప్పి చూచాము. నాలుగింటిలోనూ పీడనం తక్కువే, మూడవదానిలో మరీ తక్కువ. తరువాత ప్రతి సిలిండరులోను ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొలిచాము. పీడనం స్పష్టంగా పెరిగింది. నూనె రింగులకు, గోడకు నడుమ సందును తాత్కాలికంగా మూసినది గనుక దోషం అక్కడే ఉన్నదని తేలింది. దోషం వాల్వులలో ఉండి ఉంటే నూనె వలన ఏమంత మార్పు కనబడదు.

బ్యాటరీ తీగలు తొలగించి, నీరు, నూనె కార్చి, బానెట్టు, రేడియేటరు తీసి, అద్దెకు తెచ్చిన ముక్కాలి దూలానికి చైను పుల్లీ కట్టి ఇంజనును బయటికి లేపాము. వేలాడే ఇంజను కింద చేయి గాని కాలు గాని ఉంచరాదని వేరే చెప్పనక్కరలేదు. అయినా ఉస్తాద్ పదిసార్లు చెప్పారు.

విద్యార్థులు ప్రతి దశలోను ఫోనుతో ఛాయాచిత్రాలు తీశారు. ఏ గొట్టం ఎటు పోయినదో, ఏ తీగ దేనికి తగిలినదో తెలుసుకొనడానికి అవి ఎంతగానో ఉపకరించాయి. కాని ఉస్తాద్ వాటిని చూచి తల ఊపి, "సాబ్, ఫోటో జాగా చెబుతుంది, పేరు చెప్పదు" అన్నారు. ఆ మాటలోని అర్థం మాకు మూడవ రోజున బోధపడింది.

ఈ ఇంజనులో కామ్ షాఫ్టు దిమ్మెలోనే ఉంటుంది. దానిమీది ఉబ్బులు ఎనిమిది టాపెట్లను పైకి నెట్టగా, అవి పుష్‌రాడ్లను, పుష్‌రాడ్లు రాకర్లను కదిపి వాల్వులను తెరుస్తాయి. చిన్న గిన్నెవలె ఉండే టాపెట్లు ఎనిమిదీ చూపునకు ఒక్కటే. కాని ఏళ్ల తరబడి ఒకే ఉబ్బుపై పనిచేసిన టాపెటు అడుగుభాగం ఆ ఉబ్బుకే అనుగుణంగా అరిగి కుదురుకొని ఉంటుంది. దానిని వేరొక ఉబ్బుపై పెడితే రెండూ ఒకదానినొకటి కొరుక్కొని త్వరలోనే పాడవుతాయి. పుష్‌రాడ్లను మేము అట్టముక్కకు రంధ్రాలు పొడిచి అంకెలు వేసి గుచ్చాము. టాపెట్లను మాత్రం కోడిగుడ్ల అట్టలో వరుసగా పెట్టి, మొదటిది ఏ వైపున ఉన్నదో జ్ఞాపకం ఉంటుందిలే అనుకున్నాము. ఆ రాత్రి పిల్లి ఒకటి అట్టను తలకిందులు చేసింది. తెల్లవారి చూస్తే ఎనిమిదీ నేలమీద ఉన్నవి. ఫోనులో వాటి చిత్రం చక్కగానే ఉన్నది. ఏది ఏదో అందులో లేదు. తప్పు పిల్లిది కాదు, మాది.

అదృష్టవశాన కామ్ షాఫ్టు ఉబ్బులు నున్నగా, గుంటలు లేకుండా ఉన్నవి. మంచి స్థితిలో ఉన్న పాత షాఫ్టుపై కొత్త టాపెట్లు వేయవచ్చును, తారుమారైన పాతవి మాత్రం వేయరాదు. కనుక కొత్త జత ఎనిమిది కొనక తప్పలేదు. వాటిని వెదకడానికే పన్నెండు రోజులు పట్టింది. సెలవులలో మాకున్న వ్యవధి అంత పెద్దది కాదు.

ఈ లోపల సిలిండర్లను కొలిచాము. యంత్రపు పనిలో అంగుళంలో వెయ్యో వంతును థౌ అంటారు. సిలిండరు అడుగున ఉన్న వ్యాసం కన్న పైభాగపు వ్యాసం ఎనిమిది థౌ అధికంగా ఉన్నది. పైభాగమే ఎందుకు ఎక్కువ అరుగుతుంది? పిస్టను అక్కడ క్షణకాలం ఆగి వెనుకకు మరలుతుంది. వేగం లేనిచోట నూనె పొర నిలువదు. పైగా దహనపు వేడి, రింగును గోడకు అదిమే వాయుపీడనం రెండూ అక్కడే అధికం. ఘర్షణ పాఠంలో మేము చెప్పేదంతా ఆ నాలుగు గోడలమీద వ్రాసి ఉన్నది.

రీబోరింగు ఇంట జరిగే పని కాదు. దిమ్మెను లేతు షాపుకు పంపి, ఇరవై థౌ పెద్ద పిస్టన్లకు సరిపోయేలా చేయించాము. తిరిగి వచ్చిన దిమ్మె మెరుస్తున్నది. ఉస్తాద్ తెల్లని గుడ్డను నూనెలో తడిపి సిలిండరులో తిప్పి తీయగా అది బూడిదరంగుకు మారింది. సానరాయి పొడి ఇంకా గోడ గీతలలో ఉన్నదన్నమాట. ఆ పొడితోనే బిగించి ఉంటే కొత్త రింగులు, బేరింగులు కొద్ది రోజులలోనే అరిగిపోయేవి. కిరసనాయిలుతో కడిగితే పొడి పూర్తిగా రాదు. వేడి సబ్బునీరు, బ్రష్షు కావలెను. నూనె దారులలోకి కూడా సన్నని బ్రష్షు దూర్చి, గుడ్డ తెల్లగానే వచ్చేవరకు ఏడుసార్లు కడిగాము. ఆరగానే పోత ఇనుముకు తుప్పు పడుతుంది గనుక వెంటనే నూనె పూయవలసి ఉన్నది. ఈ కడుగుటకు ఒక దినమంతా పట్టింది. ఇంజను పని అంటే అధికభాగం అంట్లు తోమడమేనని ఒక విద్యార్థి అన్నాడు. మేము కాదనలేకపోయాము.

కూర్చుటలో తొందర పనికిరాదు. ప్రతి రింగును దాని సిలిండరులోనికి పిస్టనుతో సమంగా నెట్టి, రెండు కొనల నడుమ సందును ఫీలర్ గేజితో చూచాము. సందు చాలకపోతే వేడికి రింగు వ్యాకోచించి కొనలు ఒరుసుకొని విరుగుతుంది. క్రాంక్ షాఫ్టుకు బేరింగులు మూడు. ఒక్కొక్క మూత బిగించగానే షాఫ్టును చేతితో తిప్పి చూడవలెను. మూడూ బిగించిన తరువాత తిరగకపోతే దోషి ఏదో తెలియదు. కనెక్టింగ్ రాడ్ల మూతలు ఏ రాడ్డువి ఆ రాడ్డుకే పోవలెను. టైమింగ్ చైను చక్రాల గుర్తులు ఎదురెదురుగా నిలిపాము. హెడ్డు నట్లను నడుమనుండి వెలుపలికి, కొద్దికొద్దిగా, టార్క్ పానాతో బిగించాము. ఒక పక్కనుండి బిగిస్తే గ్యాస్కెట్టు సమంగా నలగదు.

మొదట ప్లగ్గులు పెట్టకుండా స్టార్టరు తిప్పి, నూనె పీడనం సూచిక కదలిన పిదపనే పెట్రోలు అందించాము. కొత్త టాపెట్లు ఉన్నందున ఇంజను అంటుకొనగానే నెమ్మదిగా ఆడనీయరాదు. కామ్ షాఫ్టుకు చేరే నూనెలో చాల భాగం క్రాంకు తిరుగుతూ చిందించేదే గనుక, ఇరవై నిమిషాలు నిమిషానికి రెండు వేల చుట్ల చొప్పున నడపవలెను. నేటి నూనెలు కొన్నింటిలో అరుగుదలను ఆపే జింకు పదార్థం తక్కువ. పాత ఇంజనుకు తగినది చూచి కొనవలెను. ఆ ఇరవై నిమిషాలు వసారాలో ఎవరూ మాట్లాడలేదు. ఇంటి పెద్దలు మాత్రం గుమ్మంలో నిలిచి విన్నారు.

కళాశాల పునఃప్రారంభానికి మూడు రోజుల ముందు ఆ కారులోనే ఉస్తాద్‌ను ఇంటికి దిగబెట్టాము. కారు ఇప్పుడు అధ్యాపకుల షెడ్డులో నిలుస్తున్నది. ఇంత చేసినా నేలమీద నూనె చుక్కలు ఎందుకని కమిటీ సభ్యులొకరు ప్రశ్నించారు. ఈ ఇంజను క్రాంక్ షాఫ్టు వెనుక కొనకు రబ్బరు సీలు లేదు. షాఫ్టుపై కోసిన మరచుట్టు వంటి గాడి తిరిగేటప్పుడు నూనెను లోపలికి మళ్లిస్తుంది, ఆగినప్పుడు మళ్లించదు. అందుచేత షెడ్డులో కారు కింద ఒక రేకు పళ్లెం పెట్టి ఉంచాము.